డ్రీమా పిన్ని సముద్రపు కుర్చీ

డ్రీమా పిన్ని స్నానానికి వెళ్లినా ఫైర్ స్టేషన్ పిలుపులు వినిపించే పేజరు వెంట ఉంటుంది. సబ్బుపెట్టె పక్కన దానికో చోటుంది. చర్చిలో ప్రార్థన మధ్యలో అది కూసిందంటే పాస్టరు గారు ఇంకేం చెప్పబోతున్నా సరే గబుక్కున "ఆమెన్" అనేస్తారు. ఆయన కళ్లు తెరిచేసరికి ముందు వరసలో డ్రీమా పిన్ని ఉండదు, ఆవిడ బైబిలు మాత్రం ఉంటుంది. ఒకసారి నేను ఆ కూత అచ్చుగుద్దినట్టు నోటితో కూశాను. ఆవిడ పెనం మీద గుడ్లు వదిలేసి, ట్రక్కెక్కి, రోడ్డు దాకా పోయి, అప్పుడు ఆగింది. వెనక్కి వచ్చింది. మాడిన గుడ్లు ప్లేట్లో పెట్టి నా ముందుకు తోసి, "తిను ఉడతా" అంది. తిన్నాను. ఆ తమాషా ఒక్కటీ మానేశాను. మిగతావి మానలేదు.

ఉడత నా అసలు పేరు కాదు. పదేళ్లప్పుడు చర్చి పొగగొట్టం ఎక్కి, దిగలేక, రెండు గంటలు దాన్ని కావలించుకుని ఉండిపోయాను. నిచ్చెన వేసి దింపిన మనిషి పెట్టిన పేరది. ఆ మనిషి డ్రీమా పిన్నే.

మా ఊరు స్లేట్ ఫోర్క్‌లో పొద్దు పదింటికి వస్తుంది, మూడింటికి పోతుంది. రెండు కొండల మధ్య సందులో ఒక రోడ్డు, ఒక వాగు, ఒక రైలుపట్టా, మూడూ ఒకదాన్నొకటి మోచేత్తో పొడుచుకుంటూ పడి ఉంటాయి. ఇళ్లు మిగిలిన చోట ఇరుక్కున్నాయి. వెస్ట్ వర్జీనియా మొత్తంలో ఇంత ఇరుకు లోయ లేదని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. గొప్ప చెప్పుకోవడానికి వేరే ఏమీ లేదు మరి. గనిలో నడుములు విరిగినవాళ్లకి డాక్టర్లు మత్తెక్కించే నొప్పి మాత్రలు రాశారు. మాత్రలు ఆగిపోయాక పొడి వచ్చింది. ఆ పొడిలో ఏం కలుస్తోందో అమ్మేవాడికే తెలియని కాలం ఆ తర్వాత వచ్చింది. అది ఎక్కువైతే మనిషి ఊపిరి తీయడం మరిచిపోతాడు. పెదాలు నీలమవుతాయి. అప్పుడు ముక్కులో మందు కొట్టి, నోట్లో ఊపిరి ఊది, వెనక్కి లాక్కురావాలి. మా ఫైర్ స్టేషన్‌లో మేమంతా జీతం లేకుండా పనిచేసేవాళ్లమే. మంటలార్పడం అందరికీ వచ్చు. ఆ మందు కొట్టడం డ్రీమా పిన్ని ఒక్కదానికే వచ్చు.

పేజరు కొండ నెత్తిన ఉన్న పెట్రోలు బంకు దాకా పలుకుతుంది. అది దాటి రెండో మలుపు తిరిగితే గరగర. కాబట్టి తొమ్మిదేళ్లుగా ఆవిడ లోకం ఆ బంకు దగ్గర ఆగిపోయింది. పన్ను పుచ్చి బుగ్గ గుమ్మడికాయంత అయింది, పళ్ల డాక్టరు కొండ అవతల ఉన్నాడని వెళ్లలేదు. చర్చి దగ్గరికి పళ్ల డాక్టర్ల బండి వచ్చేదాకా ఏడు వారాలు లవంగనూనెలో ముంచిన దూది కొరుకుతూ తిరిగింది. "నవ్వించకురా, నొప్పి" అనేది. అప్పుడు ఇంకా ఎక్కువ నవ్వించేవాణ్ణి, నాకు సిగ్గులేదు.

తొమ్మిదేళ్లు అన్నానుగా, అదీ చెప్పేస్తాను. డ్రీమా పిన్ని చెల్లెలు వాండా సముద్రం ఒడ్డున, మర్టల్ బీచ్‌లో, చక్రాల మీది చిన్న ఇంట్లో ఉంటుంది. ఆ జూన్‌లో పిన్ని మూడు రోజులకని అక్కడికి వెళ్లింది. రెండో రోజు మధ్యాహ్నం మా ఊరి ఆటీ తాత మనవడు కోల్బీ వాళ్ల కారు షెడ్డులో పడిపోయి ఉన్నాడు. వాడికీ నాకూ అప్పుడు పదిహేడేళ్లు. స్టేషన్ నీళ్ల ట్యాంకరు వేసుకుని మొదట చేరింది నేనూ మా చీఫ్ బర్ల్ గారూ. మందు స్టేషన్‌లో డ్రీమా పిన్ని సంచిలో ఉందని మా ఇద్దరికీ తెలుసు. దాంతో ఏం చేయాలో తెలియదు. నేను నీళ్లగొట్టం పట్టుకుని నిలబడ్డాను. ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు, అక్కడ మంటేమీ లేదు. జిల్లా అంబులెన్సు యాభై నిమిషాలకి వచ్చింది, అప్పటికి కోల్బీ పోయాడు.

పిన్ని తెల్లారేసరికే తిరిగొచ్చేసింది. ఎవరూ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. ఆటీ తాత వారం తర్వాత ఒక సీసా నిండా యాపిల్ జాము తెచ్చిచ్చి, ఈ ఏడు వానలెక్కువ అని చెప్పి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే ఆవిడ ఏడ్చి ఊరుకునేది. తిట్టలేదు. ఆ సీసా ఇప్పటికీ మూత తీయకుండా ఫ్రిజ్ మీదే ఉంది.

సముద్రం నుంచి ఆవిడ తెచ్చుకున్నది ఒక్కటే, మడతపెట్టే కుర్చీ. ఎర్రచారలు, తెల్లచారలు ఉండేవట. మా వాకిళ్ల ముందు నుంచి రోజూ బొగ్గురైళ్లు పోతాయి. ఇప్పుడు ఎరుపూ బొగ్గురంగే, తెలుపూ బొగ్గురంగే. వేసవిలో దాన్ని వరండాలో వేసుకుని, బేసిన్‌లో నీళ్లు పోసి కాళ్లు పెట్టుకుని కూర్చుంటుంది.

"అలలెలా ఉన్నాయి పిన్నీ?" అంటాను రోడ్డు మీంచి.

"నువ్వు అడ్డం తప్పుకుంటే కనిపిస్తాయి" అంటుంది.

వర్లిన్ టోలర్ గురించి కూడా చెప్పాలి. ఒకప్పుడు గనిలో కప్పుకి మేకులు బిగించేవాడు. ఇప్పుడు బట్టలుతికే షాపు వెనక చక్రాల మీది ఒక పాత ట్రైలర్‌లో ఉంటాడు. డ్రీమా పిన్ని వాణ్ణి నాలుగుసార్లు లేపింది. లేచిన ప్రతిసారీ వాడు కృతజ్ఞత చూపించే తీరు ఒక్కటే.

"ఎవరడిగారు నిన్ను? నలభై డాలర్ల సరుకు నేలపాలు చేశావు!"

"నీ పెళ్లికి నలభై చదివించానురా. చెల్లు. పక్కకి తిరిగి పడుకో, వాంతి వస్తే పొలమారుతుంది."

"నా పెళ్లామే పోయింది, చదివింపులెక్కడివి?"

"అది నా లెక్కలోకి రాదు."

తర్వాత అంబులెన్సు వచ్చేదాకా వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. మందు బలం గంటలోపే తగ్గిపోవచ్చు, మళ్లీ ఊపిరి ఆగొచ్చు, అందుకని. వాడు ఆ గంటా తిడుతూనే ఉంటాడు.

ఈ ఏడు మార్చిలో రెండు ఉత్తరాలొచ్చాయి. మొదటిది వాండా రాసింది. "ఇల్లు అమ్మేశాను. మే నెలాఖరుకి ఖాళీ చేయాలి. మే మొదటి వారం రా. ఈసారీ రాకపోతే ఇక నీకు సముద్రం క్యాలెండర్లోనే." ఆవిడ దాన్ని జాము సీసా కింద పెట్టింది.

రెండో ఉత్తరం స్టేషన్‌కి వచ్చింది. సమావేశంలో బర్ల్ చీఫ్ కళ్లజోడు ముక్కు చివరికి లాక్కుని చదివారు. ముక్కుమందు కొట్టడం నేర్పడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. ఒక్కో స్టేషన్‌లో కొత్తగా ఎనిమిది మంది నాలుగు గంటలు కూర్చోవాలి, రబ్బరుబొమ్మ మీద చేసి చూపించాలి, సంతకం పెట్టాలి. అలా చేస్తే రెండేళ్లకు సరిపడా మందు పెట్టెలు కూడా ఇస్తారు. ఏడుగురే వస్తే క్లాసు లెక్కలోకి రాదు, మందూ రాదు, మా వంతు డబ్బు వెనక్కి పోతుంది. గడువు ఏప్రిల్ నెలాఖరు.

కాఫీ యంత్రం పక్కన ఎనిమిది గీతలున్న కాగితం అంటించారు. మూడు వారాలు అది అలాగే తెల్లగా ఉంది. మావాళ్లు చెడ్డవాళ్లు కాదు. చర్చిలో ఆర్గన్ వాయించే పౌలీన్ పిన్నిని అడిగితే సంగతి తేలిపోయింది.

"పేరు రాయొచ్చుగా పిన్నీ?"

"రాస్తే? సాయంత్రానికల్లా 'పౌలీన్ ఇంట్లో ఎవరికో ఆ అలవాటు ఉందట' అంటారు. మొన్న మా ఆయనకి దగ్గుమందు కొంటేనే షాపులో ఇద్దరు నా మొహంలోకి చూశారు. నువ్వు రాయొచ్చుగా, కుర్రాడివి?"

"నాకు ట్యాంకరు పనుంది."

"నాలుగు గంటలు ట్యాంకరుకి ఏం పని? జోలపాట పాడతావా?"

నేను రాయలేదు. రాయలేదంటే, రాశాను: మొదటి గీత మీద పాస్టరు గారి కుక్క పేరు. కాసేపటికి డ్రీమా పిన్ని కాఫీకి వచ్చింది. గుమ్మంలోంచే కాగితం చూసి చకచకా దగ్గరికి వచ్చింది. చదివింది. బొటనవేలు తడిచేసుకుని మెల్లిగా చెరిపేసింది.

"నవ్వలేదేంటి పిన్నీ?"

"దూరం నుంచి ఒక గీత నిండినట్టు కనిపించిందిరా" అంది. అంతే. కప్పు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

నేను నా తమాషాల గురించి సిగ్గుపడే రకం కాదు, కానీ ఆ కాగితం దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించాను. దాని పక్కనే ఇంకో కాగితం ఉంది. ఏటా ఏప్రిల్ చివరి శనివారం సాయంత్రం స్టేషన్‌లో ర్యాంప్‌ల విందు చేస్తాం. ర్యాంప్ అంటే మా కొండల్లో మొలిచే అడవి వెల్లుల్లి. ఒక్కటి తింటే మూడు రోజులు మనిషి చెమట కూడా కంపు కొడుతుంది. ఊరంతా తింటుంది కాబట్టి ఊరందరికీ చెల్లిపోతుంది. విందు రోజు పొద్దున తొట్ల కొద్దీ ర్యాంప్‌లు మట్టి కడిగి, వేళ్లు కోసి, పొర తీయాలి. ఆ పనికి రానివాళ్ల పేర్లు పౌలీన్ పిన్ని ఏడాది పాటు గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ఆ కాగితం మొదటిరోజే నిండిపోయింది. నాది కాక తొమ్మిది పేర్లు.

బర్ల్ చీఫ్ గొంతు నాకు బాగా వచ్చు. కాస్త ముక్కు మూసుకుని, ప్రతి మాటకీ ముందు దగ్గాలి. జిల్లా ఆఫీసుకి ఫోను చేసి, దగ్గి, "మా వాళ్లు తయారుగా ఉన్నారండీ, శనివారం పొద్దున తొమ్మిదింటికి పంపించండి" అని చెప్పాను.

శనివారం తొమ్మిదింటికి అందరూ తొట్ల చుట్టూ కుర్చీలేసుకుని, చాకులు పట్టుకుని కూర్చున్నారు. డ్రీమా పిన్ని వంటింట్లో బీన్సు ఉడకేస్తోంది. తలుపు తెరుచుకుని తళతళలాడే బూట్లేసుకున్న ఒకాయన, రెండు చంకల్లో రెండు రబ్బరుబొమ్మలతో లోపలికొచ్చాడు. పేరు ఫెల్ట్‌నర్ అట. ఎక్కడో బల్లపరుపు ఊళ్లో పెరిగినవాడు.

"ఎవరండీ మీరు?" అంది పౌలీన్ పిన్ని. "ఆ ఇద్దరికీ బట్టలేవీ?"

"ముక్కుమందు క్లాసుకి వచ్చానండీ. ఎంతమంది వచ్చారు! చాలా సంతోషం."

గది మొత్తం ఒక్కసారి నావైపు తిరిగింది. నా తప్పు ఉన్నా లేకపోయినా మా ఊళ్లో ముందు నావైపే తిరుగుతారు.

"ఉడతా!" అన్నారు చీఫ్.

"చీఫ్, నేను ఏం చేశాను?"

"అది తర్వాత తేలుస్తా. నేను పోతున్నా, ట్రక్కులో పనుంది."

ఆయన లేచారు, ఆయన వెంట అందరూ లేచారు. తలుపు దాకా వెళ్లి ఆగిపోయారు. స్టేషన్ వెనక కొండ, ముందు వాగు, రోడ్డుకి ఒక్కటే దారి. ఆ దారికి అడ్డంగా, వాళ్ల ఆరు ట్రక్కుల వెనక, పది టన్నుల నీళ్ల ట్యాంకరు నిలబడి ఉంది.

"తాళంచెవేదిరా?"

"అదే వెతుకుతున్నా చీఫ్. ర్యాంప్‌ల తొట్లో పడిపోయినట్టుంది. కడుగుతూ పోతే దొరుకుతుంది."

ఏడు తొట్లున్నాయి. ఆయన ఆ తొట్లకేసి చూశారు, నాకేసి చూశారు. నోటికొచ్చిన మాట ఫెల్ట్‌నర్ గారుండడం వల్ల మింగేశారు. ఇద్దరు మాత్రం రైలుపట్టా పట్టుకుని నడిచి ఇళ్లకి పోయారు. మిగిలిన ఏడుగురూ వెనక్కొచ్చి కూర్చుని, నా మెడ అనుకుని ర్యాంప్‌ల వేళ్లు కోయడం మొదలుపెట్టారు. తాళంచెవి నా మేజోడులో ఉంది. నడుస్తుంటే గుచ్చుకుంటోంది.

డ్రీమా పిన్ని వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడింది. తలలు లెక్కపెట్టడం కనిపించింది. పెదాలు కదిలాయి, ఏడు దగ్గర ఆగాయి.

ఫెల్ట్‌నర్ గారు మంచివాడు. ఎవరూ తలెత్తి చూడకపోయినా చెప్పుకుంటూ పోయాడు. చేతులు తొట్లో ఉన్నాయి గానీ చెవులకి పనేం లేదు కదా, వినక చస్తారా. తర్వాత మందు లేని ఖాళీ గొట్టాలు తలా ఒకటి ఇచ్చాడు.

"అసలువాటిలో ఒక్కోదాంట్లో ఒక్కసారికే మందుంటుంది. పనిచేస్తోందా అని ముందు నొక్కి చూడకూడదు. నొక్కితే అయిపోయినట్టే."

టక్. బర్ల్ చీఫ్ గాల్లోకి నొక్కారు. టక్, టక్. మిగతావాళ్లూ నొక్కారు. చెట్లు కోసే రంపమైనా, గ్రీజు కొట్టే గన్ను అయినా, ముందు ఒకసారి నొక్కి చూడకుండా వాడే మనిషి మా లోయలో పుట్టలేదు.

"నొక్కొద్దన్నానుగా" అన్నాడు ఫెల్ట్‌నర్ గారు ఏడుపు గొంతుతో.

"పనిచేస్తుందో లేదో చూడొద్దా మరి?" అన్నారు చీఫ్.

"మీరు చూసేసరికి అవతలివాడు పోతాడండీ!"

పదకొండు దాటింది. బొమ్మల్ని నేల మీద పడుకోబెట్టి, ఎవరు ముందొస్తారు అని అడిగాడు. కత్తుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నేను కడగడానికి వచ్చాను" అంది పౌలీన్ పిన్ని ర్యాంప్‌తో.

"ఎనిమిది మంది చేయకపోతే నేను కాగితం ఖాళీగా తీసుకెళ్లాల్సిందేనండీ."

ఆటీ తాత అప్పటిదాకా నోరు విప్పలేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఒక్క ర్యాంప్‌నే పావుగంట నుంచి కడుగుతున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు:

"ఊపిరి ఆగాక ఎంతసేపట్లో ఇవ్వాలి అది?"

"ఎంత తొందరగా అయితే అంత, తాతగారూ. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతింటుంది."

"మా కారు షెడ్డు నుంచి స్టేషన్‌కి రెండు నిమిషాలు" అన్నాడు ఆటీ తాత. ఫెల్ట్‌నర్ గారితో అనలేదు. ఎవరితోనూ అనలేదు. తొమ్మిదేళ్లలో ఆయన ఆ షెడ్డు మాటెత్తడం అదే మొదలు.

వంటింటి గుమ్మంలో గరిటె నించి బీన్సు రసం కారుతోంది. డ్రీమా పిన్ని చూసుకోలేదు.

ఆయన లేచాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని బొమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. మోకాళ్లు రెండూ కటుక్కుమన్నాయి. గొట్టం తీసుకున్నాడు, గాల్లోకి నొక్కలేదు. బొమ్మ తల వెనక్కి వంచి, ముక్కులో పెట్టి, ఒకేసారి నొక్కాడు. తర్వాత వంగి నోట్లో ఊపిరి ఊదాడు. పొద్దుటి నుంచి పచ్చి ర్యాంప్‌లు నములుతూనే ఉన్న నోరది. బొమ్మ అవతల వంగి చూస్తున్న ఫెల్ట్‌నర్ గారు రెండడుగులు వెనక్కి పోయాడు.

"పాపం, ఆ బొమ్మకి పెళ్లి కూడా కాలేదు" అంది పౌలీన్ పిన్ని.

ముందు చీఫ్ నవ్వారు. తర్వాత ఆటీ తాతే నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ. ఆ నవ్వులో పౌలీన్ పిన్ని లేచి, "జరగండి, మీరు ఊదుతుంటే బొమ్మ రంగు మారుతోంది" అని తన వంతు తీసుకుంది. ఒకరి వెనక ఒకరు ఏడుగురూ చేశారు. ఏడు సంతకాలు.

ఎనిమిదో గీత మిగిలింది. అందరూ నన్ను చూశారు.

"నాకు రబ్బరు పడదు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆ బొమ్మ మూతి ఎందుకో నీలంగా కనిపిస్తోంది. చేతిలో నీళ్లగొట్టం బరువు తెలుస్తోంది, చేతిలో ఏమీ లేదు.

"వాణ్ణి వదిలేయండి" అంది డ్రీమా పిన్ని గుమ్మంలోంచి మెల్లిగా. "వాడొద్దు. వాడు ఆ రోజు ఉన్నాడక్కడ."

నన్ను తిట్టి ఉంటే తప్పించుకునేవాణ్ణి. అలవాటే. సముద్రం, వాండా ఇల్లు, మే మొదటి వారం అన్నీ పోతాయని తెలిసీ ఆవిడ, వాణ్ణి వదిలేయండి అంటే ఎక్కడికని పోను? నేనే అడ్డం పెట్టిన ట్యాంకరు నాకూ అడ్డమే అయింది. మోకాళ్ల మీద కూర్చున్నాను. మొదటిసారి గాల్లోకి నొక్కాను. రెండోసారీ అంతే. "మళ్లీ" అన్నాడు ఫెల్ట్‌నర్ గారు. మూడోసారి సరిగ్గా పడింది.

ఒంటిగంటకి తాళంచెవి దొరికింది. ఏ తొట్లో దొరికిందో నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఫెల్ట్‌నర్ గారు సాయంత్రం విందుకి ఉండి, అవేంటో తెలియక రెండు ప్లేట్ల పచ్చి ర్యాంప్‌లు తిన్నాడు. వాళ్లావిడ మూడు రోజులు ఆయన్ని కారు షెడ్డులో పడుకోబెట్టిందని తర్వాత ఫోనులో చెప్పాడు. క్లాసు అయ్యాక మాకిచ్చిన కార్డులు రెండేళ్లే చెల్లుతాయి. తర్వాత మళ్లీ డబ్బొస్తుందా అని చీఫ్ అడిగితే, తనకి తెలియదన్నాడు.

మే మొదటి సోమవారం డ్రీమా పిన్ని బయల్దేరింది. పేజరు నడుం నుంచి తీసి ఆటీ తాత చేతిలో పెట్టింది. తొమ్మిదేళ్ల బెల్టు మీద దాని ఆకారం గుంటపడి ఉంది. కుర్చీ ట్రక్కులో వేసింది. అరగంట తర్వాత బంకులో పనిచేసే అమ్మాయి నాకు ఫోను చేసింది. "డ్రీమా పిన్ని ఇక్కడే ట్రక్కు ఆపుకుని కూర్చుంది. ఏమైంది? రొట్టె కొనుక్కుంది, తినట్లేదు. చెయ్యి నడుం మీదే పెట్టుకుంది." కదిలించకు అన్నాను. ముప్పావుగంటకి మళ్లీ ఫోను చేసి, "వెళ్లింది, అటువైపే" అంది.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి పేజరు కూసింది. బట్టలుతికే షాపు వెనక. ఆటీ తాతా నేనూ పోయేసరికి వర్లిన్ తన ట్రైలర్ మెట్ల కింద వెల్లకిలా పడి ఉన్నాడు. పెదాలు ఆ నీలం రంగులోనే ఉన్నాయి. నాకు లోకమంతా గొట్టంలోంచి చూసినట్టు సన్నమైపోయింది. పెట్టె చించాను, అందులో రెండే ఉంటాయి. ఒకటి తీశాను. తీసి...

టక్. గాల్లోకి.

"దున్నపోతా!" అని ఆటీ తాత నా చేతి మీద ఒక్కటిచ్చి రెండోది లాక్కున్నాడు. తల వంచాడు, ముక్కులో పెట్టాడు, నొక్కాడు. మూతికి అడ్డు తొడుగు వేసి ఊపిరి ఊదడం మొదలుపెట్టాడు. "లెక్కపెట్టరా!" అన్నాడు మధ్యలో. నేను పెద్దగా లెక్కపెట్టాను. నిమిషం. వాడు కదల్లేదు. రెండు నిమిషాలు. షాపులో బట్టల యంత్రం తిరుగుతున్న చప్పుడు. ఆటీ తాత నుదుటి మీంచి చెమట వాడి చొక్కా మీద పడుతోంది. ఆగడం లేదు. ఆయన ఊదుతున్నది వర్లిన్ ఒక్కడికే కాదని నాకు తెలుసు, అందుకని ఆయన మొహంలోకి చూడలేదు. అంకెలే చెప్పాను.

మూడో నిమిషం దగ్గర పడుతుండగా వర్లిన్ ముక్కుపుటాలు కదిలాయి. పెద్ద గురక పెట్టాడు. కళ్లు తెరవకుండానే మొహం చిట్లించాడు.

"ఎవడ్రా... ర్యాంప్‌లు తిన్నది?"

"నేనే" అన్నాడు ఆటీ తాత. "పొద్దున గుడ్లతో."

"తాతా, ఈ కంపుకి చచ్చినవాడు కూడా లేచిపోతాడు!"

"లేచావుగా" అన్నాడు ఆటీ తాత. మెట్టు మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను వర్లిన్‌ని పక్కకి తిప్పి, తల ఒళ్లో పెట్టుకున్నాను. అంబులెన్సు వచ్చేదాకా నన్ను తిట్టాడు. పొద్దుగూకకముందే ఊరంతా తెలిసిపోయింది: వర్లిన్ లేచింది మందుకి కాదట, ఆటీ నోటి కంపుకట. షాపులో, చర్చి మెట్ల మీద, అదే మాట, అదే నవ్వు. దగ్గుమందు కొన్నా మొహాల్లోకి చూసే మా ఊళ్లో, ఆ సంగతి గట్టిగా మాట్లాడుకోగా నేను వినడం అదే మొదలు.

డ్రీమా పిన్నికి ఎవరూ ఫోను చేయకూడదని ముందే అనుకున్నాం. సాయంత్రం ఆవిడే చేసింది.

"అంతా బాగేనా?"

"బాగే."

అవతల ఏదో హోరుమంటోంది.

"ఎవరు పడిపోయార్రా?" అంది.

"వర్లిన్."

"తిట్టాడా?"

"తిట్టాడు."

"అయితే పర్లేదు. మందెవరిచ్చారు?"

"ఆటీ తాత."

ఆ హోరు ఒక్కటే వచ్చి పోతోంది. ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను. నేనెప్పుడూ సముద్రం వినలేదు.

"నువ్వు ముందొకటి గాల్లోకి కొట్టి ఉంటావు" అంది చివరికి, ముక్కు ఎగబీల్చి.

"కొట్టలేదు."

"ఉడతా."

"ఒక్కటే పిన్నీ."

"నేను వచ్చేస్తాను. ఇప్పుడు బయల్దేరితే పొద్దున్నకల్లా..."

"రాలేవు. నీ వాకిలికి అడ్డంగా ట్యాంకరు పెట్టాను. తాళంచెవి పోయింది. ఆదివారం దాకా దొరికేలా లేదు."

ఆవిడ నవ్విందో ఏడ్చిందో ఆ హోరులో తెలియలేదు. "కుర్చీ తడిసిపోతోందిరా, నీళ్లు పైకొచ్చాయి" అని ఫోను పెట్టేసింది.

ఆ ట్యాంకరు మాట అప్పటికి అబద్ధమే. చీఫ్‌కి చెబితే చెవి మెలిపెడతారనుకున్నాను. ఆయన విని, ఒకసారి దగ్గి, టోపీ పెట్టుకుని, ట్యాంకరు తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"పద" అన్నారు. "ఆవిడకి అబద్ధం చెప్పకూడదు."